ఎస్టీమ్ కారులో ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటరును ఇంటి దగ్గర మార్చుకోవచ్చా?

ప్రశ్న: రాజోలు ఎస్టీమ్

మా ఇంట్లో 2004 నాటి మారుతి ఎస్టీమ్ పెట్రోలు కారు ఉంది. నాన్నగారు కొన్న బండి కావడం వల్ల అమ్మడానికి ఎవరికీ మనసొప్పక, అప్పుడప్పుడు అమలాపురం వరకో పాలకొల్లు వరకో తిప్పుతూ ఉంచుకుంటున్నాము. ఈ మధ్య దానిలో కొన్ని లక్షణాలు ఒకదాని వెంట ఒకటి కనిపించాయి. ఉదయం స్టార్టు చేయగానే సైలెన్సరు నుంచి నల్లటి పొగ వస్తోంది. చించినాడ వంతెన దాటాక టీ కోసం ఆగి, పది నిమిషాల తరువాత మళ్లీ స్టార్టు చేయబోతే చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది, స్టార్టయిన తరువాత కూడా కొంతసేపు మిస్సింగ్ ఉంటోంది. మైలేజీ బాగా తగ్గింది. బానెట్ ఎత్తితే పెట్రోలు వాసన వస్తోంది కానీ ఎక్కడా కారుతున్నట్టు కనిపించడం లేదు.

ఒక మెకానిక్కు ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ మార్చాలన్నారు. మరొకరు ట్యాంకులోని పంపు బలహీనపడిందన్నారు. ఇద్దరిలో ఎవరూ ఒత్తిడి కొలిచే గేజి పెట్టి చూడలేదు. ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం (ఫ్యూయల్ రైలు) చివర ఉన్న రెగ్యులేటరు నుంచి సన్నని వ్యాక్యూమ్ పైపును నేనే తీసి చూస్తే లోపల తడిగా ఉంది, పెట్రోలు వాసన కూడా వచ్చింది. రెగ్యులేటరే పోయిందని నా అనుమానం.

ఆ తడి ఒక్కటే చాలిన ఆధారమా? ఇంటి దగ్గర స్పానర్లు, రెంచీలు ఉన్నాయి, ప్లగ్గులూ ఫిల్టర్లూ నేనే మార్చుకుంటాను కానీ పెట్రోలు లైను ఎప్పుడూ విప్పలేదు. ఈ పని నా వంటివాడు చేయదగినదేనా? కొత్త భాగం దొరకకపోతే పాత బండి నుంచి తీసినది వేయవచ్చా?

జవాబు: కాకినాడ డిప్లొమా

మీ అనుమానం సరైన దారిలోనే ఉంది. అయితే వ్యాక్యూమ్ పైపులో పెట్రోలు వాసన రావడానికీ, పెట్రోలు చుక్కగా నిలవడానికీ తేడా ఉంది. ఆ పైపు రెండో చివర ఇన్‌టేక్ మానిఫోల్డులో, అంటే ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టాల్లో ఉంటుంది కాబట్టి మంచి బండిలోనైనా కొద్దిపాటి వాసన, పలచని తడి ఉండవచ్చు. మీరు చూసినది దేనికి చెందినదో ముందు తేల్చుకోండి.

రెగ్యులేటరు చేసే పని అర్థమైతే పరీక్ష దానంతట అదే అర్థమవుతుంది. ట్యాంకులోని పంపు ఇంజనుకు కావలసినదానికన్నా ఎప్పుడూ ఎక్కువ పెట్రోలునే పైకి తోస్తుంది, ఆ మిగులును రిటర్న్ పైపు గుండా తిరిగి ట్యాంకుకు వదులుతూ రైలులో ఒత్తిడిని నిలబెట్టేది రెగ్యులేటరు. దాని లోపల ఒక రబ్బరు డయాఫ్రం ఉంటుంది. దానికి ఒక పక్క పెట్రోలు, మరో పక్క స్ప్రింగు ఉంటాయి, స్ప్రింగు ఉన్న గదికి మానిఫోల్డు నుంచి వచ్చే ఆ సన్న పైపు తగిలించి ఉంటుంది. మన పంటకాలువ తూములో ఎంత నీరు పారుతుందన్నది కాలువ మట్టం ఒక్కదానితో తేలదు, అవతలి బోదెలో మట్టం ఎంత తక్కువగా ఉందన్నదానితో తేలుతుంది. ఇంజెక్టరు సంగతీ అంతే: దాని ముక్కు మానిఫోల్డులోకి తెరుచుకుంటుంది కనుక రైలుకూ మానిఫోల్డుకూ మధ్య ఉన్న ఒత్తిడి తేడాయే పెట్రోలు పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. ఐడిలింగులో, అంటే యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజను నడుస్తూ మానిఫోల్డులో శూన్యత ఎక్కువగా ఉన్నప్పుడు రెగ్యులేటరు రైలు ఒత్తిడిని అంతమేరకు తగ్గిస్తుంది, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు పెంచుతుంది. ఈ తేడా మారదన్న నమ్మకంతోనే ఇంజనును నడిపే కంప్యూటరు (ఈసీయూ) ఇంజెక్టరును ఎంతసేపు తెరిచి ఉంచాలో లెక్క వేసుకుంటుంది. ఆ తేడా 3 బార్ (ఒత్తిడి కొలమానం) నుంచి 4 బార్‌కు పెరిగితే అంతే సమయంలో సుమారు 15 శాతం ఎక్కువ పెట్రోలు పడుతుంది. సైలెన్సరు వైపు పోయే పొగలో ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సరు దానిని కొంతవరకు సర్దగలదు కానీ, ఉదయం చల్లటి ఇంజనులో ఆ సెన్సరు ఇంకా పని మొదలుపెట్టి ఉండదు. మీకు పొగ ఉదయం పూట కనిపించడానికి అదొక కారణం కావచ్చు.

డయాఫ్రం చిరిగితే మరో దారి తెరుచుకుంటుంది: పెట్రోలు నేరుగా సన్న పైపు గుండా మానిఫోల్డులోకి పోతుంది, అది ఏ లెక్కలోకీ రాదు. వేడి ఇంజను ఆపిన తరువాత రైలులో మిగిలిన ఒత్తిడే కొంత పెట్రోలును అటు నెడుతుంది కనుక, పది నిమిషాల తరువాత స్టార్టు చేస్తే మానిఫోల్డు నిండా పెట్రోలు ఆవిరి ఉండి ఇంజను అందుకోదు. మీరు చెప్పిన టీ కొట్టు దగ్గరి ఇబ్బంది దీనికి చక్కగా సరిపోతుంది.

పరీక్ష ఇలా చేయండి. ఆ సన్న పైపును రెగ్యులేటరు నుంచి తీసి, మానిఫోల్డు వైపు చివరను మూసి, ఇంజనును ఐడిలింగులో ఉంచి రెగ్యులేటరు మీది ఖాళీ గొట్టాన్ని గమనించండి. అక్కడ చెమ్మ చుక్కగా మారి పడితే వెంటనే ఇంజను ఆపేయండి, డయాఫ్రం చిరిగిందనడానికి వేరే సాక్ష్యం అవసరం లేదు. అక్కడ పొడిగా ఉంటే మాత్రం గేజి పెట్టకుండా ఏదీ కొనవద్దు. ఈ ఇంజనుకు పంపు నడుస్తూ ఇంజను ఆగి ఉన్నప్పుడు 2.7 నుంచి 3.1 బార్ వరకు, ఐడిలింగులో 2.1 నుంచి 2.6 వరకు ఉండాలి. ఆపిన నిమిషానికి కూడా 2 బార్‌కు పైన నిలవాలి. గేజిని ఫిల్టరు నుంచి రైలుకు వచ్చే పైపులో ‘T’ ఆకారపు ముక్కతో కలపాలి, ఈ బండిలో గేజి తగిలించడానికి వేరుగా వాల్వు ఉండదు.

ఒత్తిడి తక్కువగా ఉంటే రిటర్న్ రబ్బరు పైపును గుడ్డ చుట్టిన ప్లయరుతో ఒక్క క్షణం నొక్కి చూడండి. గేజి ముల్లు గబుక్కున పైకి లేస్తే పంపు బాగానే ఉంది, రెగ్యులేటరు వదిలేస్తోందని అర్థం. లేవకపోతే ఫిల్టరు గానీ పంపు గానీ చూడాలి. ఒత్తిడి ఎక్కువగా ఉంటే తొందరపడి రెగ్యులేటరును నిందించకండి. రిటర్న్ పైపు ఎక్కడైనా నలిగినా, మూసుకుపోయినా అదే జరుగుతుంది. ఇక కొబ్బరి తోటల మధ్య నిలిపే బండ్లలో ఎలుకలూ ఉడతలూ సన్న పైపులు కొరకడం మనకు తెలిసిందే. ఆ వ్యాక్యూమ్ పైపుకు చిల్లు పడితే రెగ్యులేటరుకు మానిఫోల్డు శూన్యత అందక ఐడిలింగులో కూడా 3 బార్ దగ్గరే ఆగిపోతుంది. కొద్దిపాటి రూపాయల రబ్బరు ముక్కకు ఇంజెక్టర్లు నాలుగూ మార్చిన సందర్భాలు ఉంటాయనడంలో నాకు సందేహం లేదు.

జవాబు: తణుకు షెడ్డు

పైవారు చెప్పిన పరీక్ష సరైనదే. ఒక్క మాట చేర్చాలి: డయాఫ్రం చిన్న చిల్లుతో ఉన్నప్పుడు స్ప్రింగు తన పని తాను చేస్తూనే ఉంటుంది కాబట్టి గేజి మీద అంకెలు మామూలుగానే కనిపించవచ్చు. అంకెలు బాగున్నాయని కారుతున్న రెగ్యులేటరును వదిలేయకండి.

పని విషయానికి వస్తే, ప్లగ్గులు మార్చుకోగలవారు దీనిని చేయగలరు. రెండు చిన్న బోల్టులు, రిటర్న్ పైపు, వ్యాక్యూమ్ పైపు, లోపల కారకుండా ఆపే ఒక రబ్బరు రింగు (ఓ-రింగు). కష్టమంతా విప్పడంలో లేదు, విప్పడానికి ముందు ఒత్తిడి తీయడంలో ఉంది.

ఇంజను పూర్తిగా చల్లబడి ఉండాలి. వేడి మీద ఈ పని చేస్తే నిప్పు ప్రమాదం ఒకటైతే, ఒత్తిడి తీసేటప్పుడు కాలని పెట్రోలు, పొగను శుద్ధి చేసే వేడి క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి దానిని పాడుచేయడం మరొకటి. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వేయండి. ట్యాంకు మూత తీసి లోపలి ఆవిరి వదిలి మళ్లీ మూసేయండి. పంపుకు కరెంటు అందించే రిలే కనెక్టరును ఊడదీసి ఇంజను స్టార్టు చేయండి. రైలులో ఉన్న పెట్రోలు అయిపోగానే అదే ఆగిపోతుంది. తరువాత రెండు మూడు సార్లు, ఒక్కోసారి మూడు సెకన్లపాటు సెల్ఫ్ కొడితే మిగిలినది కూడా పోతుంది. అప్పుడు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఇంతచేసినా విప్పేటప్పుడు కొంత పెట్రోలు వస్తుంది. అందుకని రెగ్యులేటరు కింద పాత నూలు గుడ్డ పరిచి, పైపును ఒక్కసారిగా లాగకుండా మెల్లగా తిప్పుతూ వదులు చేయండి. తడిసిన గుడ్డను మూల పడేయకుండా ఆరుబయట ఎండలో ఆరనివ్వండి.

రెగ్యులేటరు బయటికి వచ్చాక మొదట చూడవలసినది ఓ-రింగు రైలు లోపలే ఉండిపోయిందా అన్నది. ముసలి రబ్బరు రంధ్రం అంచుకు అంటుకుని మిగిలిపోతే, దాని మీద కొత్తది కూర్చోబెట్టినవారికి రెండో రోజే ఇంజను మీద పెట్రోలు కనిపిస్తుంది. రంధ్రాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి, స్క్రూడ్రైవరుతో గీకవద్దు. పాత ఓ-రింగు చూడటానికి ఎంత బాగున్నా మళ్లీ వేయకూడదు. కొత్త ఓ-రింగుకు నాలుగు చుక్కల పెట్రోలు రాసి, రెగ్యులేటరును వంకరగా కాకుండా నిలువుగా చేత్తోనే లోపలికి తోయండి. బోల్టులతో లాగి కూర్చోబెడితే రింగు మెలిపడుతుంది. బోల్టుల బిగింపు 10 న్యూటన్ మీటర్లు మాత్రమే, అంటే పొట్టి స్పానరుతో మణికట్టు బలం. రైలు అల్యూమినియం కనుక మర కోసుకుపోతే రెగ్యులేటరు ఖర్చు చిన్నదైపోతుంది.

అన్నీ బిగించి, బ్యాటరీ, రిలే కలిపాక వెంటనే స్టార్టు చేయవద్దు. తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి, ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే పంపు లైనును నింపుతుంది. అప్పుడు టార్చిలైటుతో ప్రతి కీలు చూసి, పొడి కాగితం ఆనించి, తడి లేదని నిర్ధారించుకున్నాకే స్టార్టు చేయండి.

పాత బండి నుంచి తీసిన రెగ్యులేటరు గురించి అడిగారు. నా అభిప్రాయం వద్దనే. అది కూడా అంతే వయసున్న రబ్బరు, తీసి కొట్లో పెట్టి ఎండబెట్టినది. రాజమహేంద్రవరంలో దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌లో అడగండి. పాతది చేతిలో పెట్టుకుని వెళ్లి, ఒంటి మీది నంబరూ ఒత్తిడి అంకే సరిపోల్చి తీసుకోండి. ఆకారం ఒకటే అయినంత మాత్రాన సరిపోదు. చూపుకు ఒకేలా ఉండి 2.5 బార్‌వీ 3.5 బార్‌వీ కూడా కొట్లలో ఉంటాయి.

జవాబు: అమలాపురం

పై ఇద్దరికీ గౌరవంతోనే చెబుతున్నాను, “ఇంటి దగ్గర” అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. అది పైకి పోదు, నేలబారుగా పాకి పల్లంలో నిలుస్తుంది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో పైపులైను నుంచి వెలువడిన గ్యాసు ఊరి మీద పరుచుకుని అంటుకున్నప్పుడు ఏం జరిగిందో మన కోనసీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు. మన ఇళ్లలో కారు నిలిపేది చాలాచోట్ల వసారా పక్కన, వంటగది కిటికీ కింద. తులసికోట దగ్గర దీపం, నీళ్ల మోటారు స్టార్టరు, ఇన్వర్టరు, ఇవన్నీ కొన్ని అడుగుల దూరంలోనే ఉంటాయి. మోటారు స్విచ్చి వేసేవారికి మీరు బయట పెట్రోలు పైపు విప్పారన్న సంగతి తెలియదు.

చేయదలిస్తే బండిని పెరట్లోకి, గాలి ఆడే చోటికి తోయించండి. ఇంట్లోవారికి ముందే చెప్పండి, పని పూర్తయ్యేవరకు మోటారు వేయవద్దనండి. పొడి రసాయనం నింపిన మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి. నీళ్ల బకెట్టు దీనికి పనికిరాదు, పెట్రోలు నీటి మీద తేలి మంటను మరింత దూరం తీసుకెళుతుంది. ఇవి కుదరకపోతే షెడ్డులో ఇవ్వండి.

ఇది చదివి డీజిలు బండి యజమానులెవరూ స్పానరు పట్టుకోకూడదని కూడా కోరుతున్నాను. కామన్ రైలు డీజిలు ఇంజనులో ఒత్తిడి 1,000 బార్‌కు పైనే ఉంటుంది, సన్నగా చిమ్మే ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. ఇక్కడ చెప్పిన పద్ధతి దానికి ఏమాత్రం వర్తించదు.

ప్రశ్నించినవారి స్పందన: రాజోలు ఎస్టీమ్

అందరికీ కృతజ్ఞతలు. చెప్పినట్టు వ్యాక్యూమ్ పైపు తీసి ఐడిలింగులో చూశాను. మొదట ఏమీ కనిపించలేదు కానీ యాక్సిలరేటరు కొద్దిగా తొక్కి వదిలాక గొట్టం చివర చెమ్మ చేరి చుక్క పడింది, వెంటనే ఆపేశాను. పాలకొల్లులో తెలిసినవారి దగ్గర గేజి తెచ్చి పెడితే ఇంజను ఆగి ఉన్నప్పుడు 2.9, ఐడిలింగులో 2.3 చూపించింది, అంటే తణుకు వారు హెచ్చరించినట్టు అంకెలన్నీ మామూలుగానే ఉన్నాయి. ఆపిన నిమిషానికి మాత్రం ముల్లు 2 కిందికి వచ్చేసింది. రిటర్న్ పైపు నొక్కి పట్టినా పడిపోతూనే ఉంది. దీనివల్ల పంపులో గానీ ఇంజెక్టర్లలో గానీ మరో లోపం ఉన్నట్టా?

అమలాపురం వారు చెప్పిన జాగ్రత్తలన్నీ పాటిస్తాను. బండిని ఇంటి వెనుక కళ్లం దగ్గరికి తీసుకెళ్లి చేస్తాను. బోల్టుల తలలు తుప్పు పట్టి ఉన్నాయి, అవి విరుగుతాయేమోనని ఒక భయం.

జవాబు: కాకినాడ డిప్లొమా

రిటర్న్ పైపు నొక్కినప్పుడు ఒత్తిడి నిలిస్తే, రెగ్యులేటరు రిటర్న్ వైపు వదిలేస్తోందని చెప్పవచ్చు. మీ రెగ్యులేటరు వదులుతున్నది రిటర్న్ వైపు కాదు, చిరిగిన డయాఫ్రం గుండా మానిఫోల్డు వైపు. ఆ దారిని మీరు నొక్కలేదు కాబట్టి ముల్లు పడటం సహజమే. ముందు రెగ్యులేటరు మార్చి, మళ్లీ గేజి పెట్టండి. అప్పటికీ నిమిషంలో 2 బార్ కిందికి వస్తే పంపులో పెట్రోలు వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వు, కారే ఇంజెక్టరు వరుసగా చూడవచ్చు. గేజి తిరిగి ఇచ్చేయకండి.

జవాబు: నరసాపురం

తుప్పు సంగతి మాకు బాగా తెలుసు, ఉప్పుగాలి తగిలే మా వైపు బండ్లకు పైపులకన్నా బోల్టులే ముందు పోతాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. మరుసటి రోజు బోల్టు తల మీద చిన్న సుత్తితో తేలికగా తట్టి, ఆరు పలకలూ పట్టే సాకెట్టుతో మొదట బిగించే వైపు రవ్వంత కదిపి, తరువాత వదులు చేయండి. తిరగనంటే బలవంతపెట్టకుండా మళ్లీ స్ప్రే కొట్టి ఆగండి. వేడి చేయడం అన్న ఆలోచన ఇక్కడ మనసులోకి కూడా రానీయకూడదు.

బానెట్ కింద ఉన్నది బాగుచేసి కారు కింద ఉన్నది మరిచిపోకండి. పెట్రోలు వెళ్లే పైపూ తిరిగి వచ్చే పైపూ ఇనుపవే, వరద నీటిలో, బురదలో తడిసి క్లిప్పుల దగ్గర తుప్పు పడతాయి. బండి రోజూ తిరగకపోతే మరొక చిక్కు కూడా ఉంది. మనకు ఇప్పుడు పెట్రోలు బంకుల్లో దొరుకుతున్న పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు ఉంటోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దానిని తట్టుకునే భాగాలతో కార్లు తయారవుతున్నది 2023 ఏప్రిల్ నుంచే. 2004 నాటి రబ్బరు దానికోసం చేసినది కాదు. అందుకని ఓ-రింగు, విప్పిన చోట రబ్బరు పైపు ముక్కలు కొనేటప్పుడు వైటాన్ రకం అడిగి తీసుకోండి. మామూలు నైట్రైల్ రబ్బరు ఇథనాలుకు ఉబ్బి మెత్తబడుతుంది. క్లిప్పులు కూడా కొత్తవి వేయండి.

జవాబు: తణుకు షెడ్డు

ఇంకొకటి ఎవరూ అనలేదు. డయాఫ్రం ఎన్నాళ్ల నుంచి కారుతోందో తెలియదు కనుక, కాలని పెట్రోలు సిలిండరు గోడల మీదుగా ఇంజను ఆయిలులోకి దిగి ఉంటుంది. డిప్ స్టిక్కు తీసి వాసన చూడండి. ఆయిలు పలచగా ఉండి, మట్టం గీతకు పైన కనిపిస్తే అది పెరిగినది ఆయిలు కాదు, పెట్రోలు. ఆ ఆయిలుతో దూరం తిప్పితే బేరింగులు దెబ్బతింటాయి. రెగ్యులేటరు మార్చిన రోజే ఆయిలూ ఆయిలు ఫిల్టరూ మార్చేయండి, ముందు మారిస్తే అది మళ్లీ పాడవుతుంది. ప్లగ్గులు తీసి నల్లటి మసి ఉంటే తుడిచి వేయవచ్చు, వాటి వయసు మీరిపోయి ఉంటే కొత్తవి వేయండి. ఆక్సిజన్ సెన్సరును మాత్రం ఇప్పుడే కొనవద్దు. కొన్నాళ్లు బండి సరైన మిశ్రమంతో తిరిగితే దాని మీది మసి చాలావరకు దానంతట అదే కాలిపోతుంది, అప్పటికీ మైలేజీ రాకపోతే చూద్దాము.